ఉన్నట్టుండి చెవి వినపడకపోతే ఏం చేయాలి, ఏ మందు ఎలా వాడాలి (రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు ఉన్నవాళ్ల కోసం)

రాత్రి బాగానే పడుకున్నారు, పొద్దున లేచేసరికి ఒక చెవి దిబ్బడేసినట్టుంది, లోపల జుయ్‌మని ఒకటే మోత, ఫోన్ ఆ చెవికి పెట్టుకుంటే అవతలోళ్ల మాట అస్సలు అందట్లేదు. ఇలాంటప్పుడు మన వైపు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే రాయగడలో మందుల షాపు కౌంటర్ వెనకాల నిలబడేది నేనే. "బాబూ, గులిమి కరిగే చుక్కలు ఒకటియ్యి" అని వస్తారు. చుక్కలకి తగ్గకపోతే నాలుగు రోజులాగి ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి యాంటీబయాటిక్ రాయించుకుంటారు, ఆ తర్వాత ఇంట్లో పెద్దావిడ వెల్లుల్లి నూనె కాచి పోస్తుంది, అలా మూడు నాలుగు వారాలు పోయాక అప్పుడు విశాఖ ట్రైన్ ఎక్కుతారు. అప్పటికి ఆ చెవికి మందు పనిచేసే టైమ్ చాలా మటుకు అయిపోయి ఉంటుంది.

నేను డాక్టర్ని కాదు, డోసు రాయాల్సింది డాక్టరే. కానీ డాక్టరు దగ్గరికి ఎంత తొందరగా చేరాలి, చేరాక ఏం అడగాలి, ఇచ్చిన మందు ఎలా వాడుకోవాలి అన్నది తెలిస్తే ఆ మూడు వారాలు పోవు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మొదటి పని: గులిమా, లోపలి చెవా తేల్చుకోండి

నోరు మూసుకుని "మ్మ్మ్" అని కాస్త గట్టిగా హమ్మింగ్ చేయండి. ఆ శబ్దం ఏ చెవిలో ఎక్కువ మోగుతుందో చూడండి. వినపడని చెవిలోనే ఎక్కువ మోగితే గులిమో, నీళ్లో, జలుబు దిబ్బడో, కర్ణభేరి వెనకాల చీమో, అంటే శబ్దం లోపలికి పోయే దారిలో అడ్డం ఉన్నట్టు. అలా కాకుండా బాగున్న చెవి వైపు మోగితే తేడా లోపలి చెవిలో, అంటే శబ్దాన్ని పట్టే నత్తగుల్ల లాంటి కాక్లియాలో గానీ దాని నరంలో గానీ ఉన్నట్టు. నమ్మకం లేకపోతే ఒక వేలు పెట్టి బాగున్న చెవి మూసి "మ్మ్మ్" అనండి, మూసిన వైపు పెద్దగా మోగుతుంది, అడ్డం ఉంటే ఎలా ఉంటుందో మీకే తెలిసిపోతుంది. ఈఎన్‌టీ డాక్టరు 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ నుదుటి మీద పెట్టి చూసేది కూడా ఇదే. ఇంట్లో చేసే పరీక్ష నూటికి నూరు పాళ్లు కరెక్ట్ అని కాదు, కానీ బాగున్న చెవి వైపు మోగిందంటే ఇక చుక్కలు, నూనెలు, ఉల్లిపాయ రసం అన్నీ పక్కన పెట్టేయండి.

నొప్పి లేదు కదా, చీము లేదు కదా, అదే సర్దుకుంటుందిలే అనుకోకండి. లోపలి చెవి పోయేటప్పుడు మామూలుగా నొప్పి ఉండదు. నొప్పితో చీము కారే చెవికే జనం పరుగెత్తుకొస్తారు గానీ చప్పుడు లేకుండా పోయే చెవి దగ్గరే అసలు తొందర ఉంది.

ఎప్పుడు ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి

చెవితో పాటు గిర్రున తల తిరిగి నిలబడలేకపోవడం, మూతి వంకర, మాట ముద్దగా రావడం, ఒక వస్తువు రెండుగా కనపడటం, ఒక వైపు చెయ్యో కాలో బలం తగ్గడం ఉంటే అది ఒట్టి చెవి జబ్బు కాకపోవచ్చు, మెదడు వెనక భాగంలో స్ట్రోక్ అయి ఉండొచ్చు. లోపలి చెవికి రక్తం తెచ్చే నాళం చిన్నది, అది చాలామందిలో మెదడు రక్తనాళం నుంచే చీలి వస్తుంది కాబట్టి స్ట్రోక్ ఒక్కోసారి చెవుడుతోనే మొదలవుతుంది. జ్వరం, మెడ బిగుసుకుపోవడం, మత్తుగా ఉండటం ఉంటే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానించాలి. తలకి దెబ్బ తగిలాక వినికిడి పోయినా అంతే. ఇవి లేకపోతే 108 అక్కర్లేదు గానీ "వచ్చే వారం సంత రోజు వెళ్దాం" అనుకునే వ్యవహారం మాత్రం కాదు, ఆ రోజో మర్నాడో వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లాలి

బరంపురం వైపు వాళ్లకి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది (మన పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి పేరు మీద ఉన్నదే). కోరాపుట్, జయపూర్, మల్కన్‌గిరి వాళ్లకి కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ. పర్లాకిమిడి వాళ్లు మహేంద్రతనయ దాటి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం పోవడం మామూలే. రాయగడ, గుణుపూర్ వాళ్లం ట్రైన్ ఎక్కితే విశాఖ, అక్కడ వాల్తేరు వైపు ప్రభుత్వ ఈఎన్‌టీ హాస్పిటల్ ఉంది, కేజీహెచ్ ఉంది. ఏది దగ్గరైతే అది. పెద్ద ఊరు, పెద్ద పేరు అని రెండు రోజులు రిజర్వేషన్ కోసం ఆగే బదులు ముందు మీ జిల్లా హాస్పిటల్లో ఈఎన్‌టీ డాక్టరు ఉన్నారేమో కనుక్కోండి, అక్కడ వినికిడి టెస్ట్ అయ్యి మొదటి డోసు మొదలైతే తర్వాత ఎక్కడికైనా వెళ్లొచ్చు.

కార్డుల సంగతి ఒక్క ముక్క. ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆంధ్రా రేషన్ కార్డు వాళ్లకి, మన ఒడిశా కార్డుకి రాదు. ఒడిశా కార్డు అటువైపు ఏ హాస్పిటల్లో నడుస్తుందో వెళ్లేముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఏ కార్డైనా అడ్మిట్ అయితేనే పనికొస్తుంది, ఓపీలో రాసే మందులకి కాదు. అదృష్టం ఏంటంటే ఈ జబ్బుకి అసలు మందైన స్టెరాయిడ్ బిళ్లలు చాలా చవక, ఒడిశా ప్రభుత్వ హాస్పిటల్లో అయితే నిరామయ కౌంటర్లో ముందు అడిగి చూడండి, అక్కడ దొరికితే ఊరికే ఇస్తారు.

వెళ్లేటప్పుడు ఏం రాసుకెళ్లాలి

ఒక కాగితం మీద: ఏ తారీఖున, ఏ పూట మొదలైంది. ఒక చెవా రెండూనా. ఒక్కసారిగా పోయిందా, రోజురోజుకీ తగ్గుతూ వచ్చిందా. తల తిరుగుడు ఉందా, మోత ఉందా. గత మూడు నెలల్లో వేసుకున్న ప్రతి మందూ, చేయించుకున్న ప్రతి ఇంజెక్షనూ. షుగరు, బీపీ, అల్సరు, టీబీ, సికిల్ సెల్ ఏదైనా ఉందా. బాగున్న చెవి ఇదివరకు ఎలా ఉండేది. పాత వినికిడి టెస్ట్ కాగితం ఉంటే అది కూడా.

తారీఖు రాయడం ఎందుకంటే డాక్టరు వేసే లెక్క అంతా దాని మీదే నడుస్తుంది. "ఓ వారం అయుంటుంది సార్" అని మనవాళ్లు అంటారు, కదిపితే ఇరవై రోజులు తేలుతుంది.

పీటీఏ టెస్ట్ లేకుండా బయటికి రాకండి

ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ, అందరూ ఆడియో టెస్ట్ అంటారు. చెప్పుల డబ్బా లాంటి చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టి బీప్ వినపడితే బటన్ నొక్కమంటారు. వచ్చే కాగితంలో పై నుంచి కిందకి డెసిబెల్స్, ఎడమ నుంచి కుడికి 250 నుంచి 8000 దాకా ఫ్రీక్వెన్సీలు. గీత ఎంత కిందకి దిగితే అంత చెవుడు. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి. దాంతోపాటు చెవి వెనకాల ఎముక మీద పెట్టి తీసిన గీత ఇంకోటి ఉంటుంది, ఆ రెండూ కలిసే కిందకి దిగితే లోపలి చెవి సమస్య, ఎముక గీత పైనే ఉండి మామూలు గీత ఒక్కటే దిగితే అడ్డం సమస్య. మూడు రోజుల లోపల, పక్కపక్కన ఉన్న మూడు ఫ్రీక్వెన్సీల్లో 30 డెసిబెల్స్ గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే దాన్ని సడెన్ సెన్సరీన్యూరల్ లాస్, అంటే ఉన్నట్టుండి లోపలి చెవి పోవడం అంటారు. మూడు రోజుల్లో కాకుండా వారాల్లో, ఒకటి రెండు నెలల్లో, తరచుగా రెండు చెవులూ దిగజారితే అది ఇంకో కథ, దాని గురించి కింద విడిగా చెప్తా.

ఈ కాగితం ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, ఒరిజినల్ ప్లాస్టిక్ కవర్లో. రెండు రాష్ట్రాల మధ్య తిరిగే మనకి ఇది మరీ ముఖ్యం, బరంపురం డాక్టరు చూసింది విశాఖ డాక్టరుకి తెలియాలంటే ఈ గీతలే భాష. మందుకి బాగవుతుందా లేదా అన్నది కూడా మొదటి కాగితాన్ని రెండోదాని పక్కన పెడితేనే తెలుస్తుంది, "కొంచెం పర్లేదు అనిపిస్తుంది" అనే మాట మీద ఎవరూ మందు మార్చలేరు.

కారణం వెతకడం: మన జిల్లాల్లో అడగాల్సిన ప్రశ్నలు

ముందే చెప్తున్నా, ఒక చెవి ఉన్నట్టుండి పోయిన వాళ్లలో ఎక్కువ మందికి కారణం దొరకదు. వైరస్ అనీ, చిన్న రక్తనాళం మూసుకుందనీ రకరకాల ఊహలున్నాయి. కారణం దొరకలేదని మందు ఆపరు, కారణం తేలేదాకా మందు మొదలుపెట్టకుండా ఆగడం కూడా తప్పే. కానీ కొన్ని కారణాలకి వైద్యం పూర్తిగా వేరు, అవి మన వైపు ఉండేవే, అందుకని డాక్టరు అడగకపోయినా మీరే నోరు విప్పాలి.

సికిల్ సెల్. దక్షిణ, పశ్చిమ ఒడిశాలో ఇది ఎంత ఉందో అందరికీ తెలుసు. కొడవలి ఆకారం కణాలు లోపలి చెవి సన్న నాళంలో ఇరుక్కుంటే చెవి పోవచ్చు, ఆ నాళానికి పక్కదారి కూడా లేదు. వీళ్లకి స్టెరాయిడ్ ఇస్తే ఒక్కోసారి ఒళ్లు నొప్పుల క్రైసిస్ తిరగబెడుతుంది, అందుకని సికిల్ కార్డు ఉన్నవాళ్లు అది ముందే బల్ల మీద పెట్టాలి. రక్తం డాక్టరూ ఈఎన్‌టీ డాక్టరూ మాట్లాడుకుని చేయాల్సిన పని అది.

స్క్రబ్ టైఫస్, అంటే తుప్పల్లో ఉండే సన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం. వానాకాలం, ఆ తర్వాత చలి మొదలయ్యేదాకా పొలం, తుప్పల్లో తిరిగేవాళ్లకి జ్వరం వస్తుంది, వారం దాటుతుంది, మలేరియా టెస్ట్ నెగటివ్, అప్పుడు "చెవులు వినపడట్లేదు" అంటారు. జ్వరంలో నీరసం అనుకుని వదిలేస్తారు గానీ ఈ జబ్బుకి చెవుడు ఒక మంచి గుర్తు. చంక, గజ్జ, నడుం దగ్గర, లుంగీ కట్టు కింద, ఆడవాళ్లకి జాకెట్ కింద వెతకండి, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి ఉన్నవాళ్లకే తెలీదు. మందు డాక్సీసైక్లిన్, పెద్దవాళ్లకి సాధారణంగా 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, వారం రోజులు. గర్భిణీలకి అయితే అజిత్రోమైసిన్ రాస్తారు. దీనికి స్టెరాయిడ్ అసలు మందు కాదు.

టీబీ ఇంజెక్షన్లు. పాత టీబీ కోర్సుల్లో స్ట్రెప్టోమైసిన్, మందులకి లొంగని టీబీకి కానామైసిన్ ఉండేవి, ఇప్పుడు చాలా వరకు బిళ్లల కోర్సులే కానీ అమికాసిన్ ఇంకా కొందరికి వాడతారు. జెంటామైసిన్ అయితే చిన్న నర్సింగ్ హోముల్లో మామూలే. ఈ గుంపు మందులు ముందు సన్నటి శబ్దాలని తినేస్తాయి, పిట్ట కూత, ఫోన్ రింగు, తర్వాత మాటల్లో స, శ, ట లాంటివి. అలా పోయింది మళ్లీ రాదు, ఇంజెక్షన్ ఆపాక కూడా కొన్ని వారాలు దిగజారొచ్చు. కొన్ని కుటుంబాల్లో తల్లి వైపు నుంచి వచ్చే జన్యు మార్పు ఉంటుంది, వాళ్లకి మామూలు డోసుకే చెవి పోతుంది, అందుకని "మా అమ్మకీ మేనమామకీ ఇంజెక్షన్ తర్వాతే చెవుడొచ్చింది" అనే సంగతి మీ ఇంట్లో ఉంటే ఏ హాస్పిటల్‌కెళ్లినా మొదటి మాటగా చెప్పండి. అలాగని టీబీ మందు మీ అంతట మీరు మానేయకండి, ఆ రోజే టీబీ యూనిట్‌కి ఫోన్ చేయండి, మార్చేది వాళ్లు.

క్వినైన్ కూడా చెవిలో మోత, చెవుడు తెస్తుంది. మలేరియా ఎక్కువున్న మన కొండ జిల్లాల్లో పెద్దవాళ్లకి ఇది గుర్తే, ఆపితే చాలా మటుకు తిరిగొస్తుంది. ఇప్పుడు సీరియస్ మలేరియాకి ఆర్టిసునేట్ కాబట్టి ఈ గొడవ తగ్గింది. ఇంకా క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్, నరానికి ఎక్కించే ఫ్యూరోసెమైడ్, ఎక్కువ డోసు ఆస్పిరిన్ ఈ లిస్టులోవే.

సిఫిలిస్ అనే సుఖవ్యాధి. ఇది రాయడానికి నాకేం మొహమాటం లేదు, మీరు టెస్ట్ చేయించుకోవడానికీ ఉండకూడదు. లోపలి చెవిని పాడుచేసే వాటిలో వైద్యం ఉన్న కొద్ది కారణాల్లో ఇదొకటి. వీడీఆర్‌ఎల్, టీపీహెచ్ఏ రక్త పరీక్షలు, దాంతోపాటు హెచ్ఐవీ. ఉంటే అడ్మిట్ చేసి 10 నుంచి 14 రోజులు నరానికి పెన్సిలిన్, తోడుగా స్టెరాయిడ్. సూరత్, చెన్నై, కేరళ పనులకి పోయి వచ్చినవాళ్లు ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే డాక్టర్ని ఒంటరిగా కలుస్తానని అడగండి, ఒప్పుకుంటారు.

చెవి చుట్టూ నీటి పొక్కులు, మూతి వంకర ఉంటే అది సర్పి చెవికెక్కింది, దానికి అసైక్లోవిర్ లేదా వాలాసైక్లోవిర్, స్టెరాయిడ్‌తో కలిపి, వీలైతే మూడు రోజుల లోపలే. పిల్లల్లో గవదబిళ్లల తర్వాత ఒక చెవి పూర్తిగా పోవడం ఉంది, పిల్లాడు చెప్పడు, ఫోన్ ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకుంటుంటే మీరే గమనించాలి.

నరం మీద గడ్డ. వినికిడి పోయిన వందమందిలో కొద్దిమందికే ఉంటుంది కానీ తోసిపుచ్చాలి. అందుకే ఎంఆర్ఐ, చెవి నరం భాగానికి, కాంట్రాస్ట్‌తో. కొందరు తల సీటీ స్కాన్ తీయించేసి "స్కాన్ నార్మల్" అని పంపేస్తారు, ఈ పనికి మామూలు సీటీ పనికిరాదు, దెబ్బ తగిలితేనో స్ట్రోక్ అనుమానమైతేనో తప్ప. డబ్బు రెండింటికీ లేకపోతే సీటీకి పెట్టకుండా ఎంఆర్ఐకి దాచుకోండి. ఎంఆర్ఐ ఆ రోజే తీయాలని లేదు, మందు మొదలయ్యాక రెండు మూడు వారాల్లో తీసినా నష్టం లేదు.

డీజే బాక్సుల గురించి ఎవరికి చెప్పినా వినరు. మజ్జిగౌరమ్మ పండగప్పుడు, పెళ్లి ఊరేగింపుల్లో బాక్సు పక్కనే నిలబడి గెంతిన గుంటలకి మర్నాడు చెవి మొద్దుబారి ఉంటుంది. రెండు రోజుల్లో తేరుకుంటే సరే, తేరుకోకపోతే ఆడియో టెస్ట్.

స్టెరాయిడ్: ఎంత, ఎన్నాళ్లు, ఎలా

కారణం తెలియని సడెన్ చెవుడుకి మొదటి మందు ఇదే. ప్రెడ్నిసొలోన్ (వైసోలోన్ అని దొరికేది), కిలో బరువుకి 1 మిల్లీగ్రాము చొప్పున, రోజుకి 60 దాటకుండా. అంటే 50 కిలోల మనిషికి 50, 75 కిలోల మనిషికీ 60కే ఆగాలి. బదులుగా మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 48 గానీ డెక్సామెథాసోన్ 10 గానీ రాయొచ్చు, బలంలో దాదాపు ఒకటే. పూర్తి డోసు 7 నుంచి 14 రోజులు, తర్వాత దాదాపు అన్నే రోజుల్లో మెల్లగా తగ్గిస్తారు. మొదటి రెండు వారాల్లో మొదలైతేనే ఎక్కువ ఆశ, అందులోనూ ముందు రోజులు ఇంకా మంచివి.

మా కౌంటర్ దగ్గర నేను చూసే గొడవ ఏంటంటే చీటీలో రోజుకి 10 మిల్లీగ్రాములని రాసి ఉంటుంది, ఐదు రోజులకి. అది ఆయాసానికో అలర్జీకో సరిపోతుందేమో గానీ ఈ చెవికి చాలదు. షాపువాణ్ణి నేను పెంచలేను, పెంచకూడదు కూడా. మీరే వెనక్కి వెళ్లి "సార్, ఇది లోపలి చెవి సడెన్ లాస్ అన్నారు కదా, నా బరువుకి డోసు ఇంతేనా" అని మర్యాదగా అడగండి. ఇంకో వైపు, ఎక్కువిస్తే ఎక్కువ బాగవుతుందని నరానికి వందల మిల్లీగ్రాములు ఎక్కించే అలవాటు కూడా ఉంది. జర్మనీలో పెద్ద ట్రయల్ చేసి చూశారు, ఆ భారీ డోసు 60 మిల్లీగ్రాముల బిళ్లల కంటే ఏం మెరుగు కాలేదు, సైడ్ ఎఫెక్టులు మాత్రం పెరిగాయి.

వాడే పద్ధతి: మొత్తం డోసు ఒకేసారి, పొద్దున, టిఫిన్ తిన్నాక. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు, పొద్దున వేసుకున్నా మొదటి నాలుగు రోజులు నిద్ర తక్కువే. ఆకలి బాగా పెరుగుతుంది, చిరాకు వస్తుంది, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. దీంతో పాటు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు వేసుకోకండి, కడుపులో పుండు పడుతుంది, నొప్పి ఉంటే పారాసిటమాల్. నల్లగా తారులా విరేచనం అయితే ఆగకుండా హాస్పిటల్. తగ్గించే షెడ్యూల్ మధ్యలో "బాగైపోయింది" అని మానేయకండి.

షుగరు ఉన్నవాళ్లకి: స్టెరాయిడ్ పొద్దున వేసుకుంటే షుగరు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎగురుతుంది, పరగడుపు టెస్ట్ మాత్రం బాగానే చూపిస్తుంది. అందుకని మధ్యాహ్నం తిన్నాక, సాయంత్రం చూసుకోండి, మందు డోసు మార్చాలేమో మీ షుగరు డాక్టర్ని అడగండి. షుగరు ఉంది కాబట్టి స్టెరాయిడ్ వద్దు అని చెవిని వదిలేయక్కర్లేదు, దారి ఇంకోటి ఉంది.

చెవిలోకి ఇంజెక్షన్

కర్ణభేరి దాటి లోపలికి స్టెరాయిడ్ ఇవ్వడం. ఒళ్లంతా పోదు కాబట్టి షుగరు, అల్సరు, కంట్రోల్ కాని బీపీ ఉన్నవాళ్లకి మొదటి మందుగానే ఇవ్వొచ్చు. బిళ్లలకి పూర్తిగా బాగవనివాళ్లకి రెండు నుంచి ఆరు వారాల మధ్య రెండో ప్రయత్నంగా తప్పకుండా అడగాల్సింది కూడా ఇదే. చాలామంది బిళ్లలు పనిచేయలేదని ఇంటికెళ్లిపోతారు, ఈ దారి ఉందని వాళ్లకి ఎవరూ చెప్పరు.

భయపడేంత ఏం ఉండదు. పడుకోబెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తూ కర్ణభేరికి మత్తు పెట్టి సన్న సూదితో అర మిల్లీలీటరు దాకా వేస్తారు. ఆ క్షణం చల్లగా, తల గిర్రున తిరిగినట్టు ఉంటుంది, ఒకట్రెండు నిమిషాల్లో పోతుంది. తర్వాత ఆ చెవి పైకి పెట్టి 15 నుంచి 30 నిమిషాలు అలాగే పడుకోవాలి, ఉమ్మి మింగకుండా, మాట్లాడకుండా, ఎందుకంటే మింగితే మందు గొంతులోకి జారిపోతుంది (నోట్లో చేదు తగిలిందంటే జారినట్టే). పక్కన ఒక గుడ్డ పెట్టుకుని ఉమ్మి దాంట్లోకి వదిలేయండి. మామూలుగా రెండు వారాల్లో నాలుగు సార్లు. కొద్దిమందికి కర్ణభేరికి చిన్న చిల్లు ఉండిపోతుంది. ఇంటికి ట్రైన్లో వెళ్లేవాళ్లు ఆ రోజు తోడుగా ఒకర్ని తెచ్చుకోండి, ఆ చెవిలోకి నీళ్లు పోనివ్వకండి.

పెద్ద సిటీల్లో హైపర్‌బారిక్ ఆక్సిజన్ అని ప్రెషర్ గదిలో ఆక్సిజన్ ఇస్తారు. స్టెరాయిడ్‌తో కలిపి మొదటి రెండు వారాల్లో, లేదా నెల లోపల రెండో ప్రయత్నంగా కొంత ఉపయోగం. ఖర్చూ, రోజూ వెళ్లాల్సి రావడమూ చూసుకుంటే మన వైపు వాళ్లకి ఇది చెవి ఇంజెక్షన్ తర్వాతి మాట.

రెండు చెవులూ వారాల్లో దిగజారుతుంటే

ఇది అసలు జాగ్రత్త పడాల్సింది. ముందు ఒక చెవి, ఇరవై రోజులకి రెండోది, మధ్యలో కాస్త బాగై మళ్లీ పడిపోవడం, మాట వినపడుతుంది గానీ ఏమన్నారో అర్థం కాకపోవడం. మందులు, సిఫిలిస్, రక్తం జబ్బులు, గడ్డలు తోసిపుచ్చాక మిగిలే పెద్ద అనుమానం ఆటో ఇమ్యూన్, అంటే ఒంట్లో రక్షణ వ్యవస్థే లోపలి చెవి మీద పడటం. 1979లో మెకేబ్ అనే అమెరికన్ డాక్టరు దీన్ని మొదట వివరంగా రాశాడు. కళ్లు ఎర్రబడి మండటం తోడైతే కోగన్ సిండ్రోమ్, చూపు మసకతో పాటు జుట్టూ కనుబొమ్మలూ తెల్లబడితే వీకేహెచ్, కీళ్లు, మూత్రం, ముక్కులో రక్తం, చర్మం మచ్చలు ఉంటే లూపస్ లాంటివి. కాబట్టి "చెవి డాక్టరుకి కళ్ల సంగతి ఎందుకు" అనుకోకుండా అన్నీ చెప్పండి. దీన్ని తేల్చేసే రక్త పరీక్ష ఒకటంటూ లేదు, ఏఎన్ఏ, ఈఎస్ఆర్, ఏఎన్‌సీఏ లాంటివి చేసినా స్టెరాయిడ్‌కి చెవి లేచిందా లేదా అన్నదే పెద్ద సాక్ష్యం.

ఇక్కడ డోసు అదే 60 మిల్లీగ్రాములు కానీ నాలుగు వారాలు. నాలుగో వారం చివర ఆడియో టెస్ట్. లేస్తే మెల్లగా నెలల మీద తగ్గిస్తారు, లేవకపోతే తొందరగా తగ్గించి ఆపేస్తారు. సగానికి పైగా వాళ్లకి మొదట్లో బాగవుతుంది, కానీ డోసు తగ్గించేటప్పుడు మళ్లీ పడిపోవడం చాలా మామూలు. ఇంతకాలం వాడేముందు ఎక్స్‌రే తీసి టీబీ లేదని చూసుకోవాలి, హెపటైటిస్ బీ టెస్ట్ చేయించాలి, ఎముకలకి కాల్షియం, విటమిన్ డీ అడగాలి.

స్టెరాయిడ్ తగ్గించడానికి తోడుగా మెథోట్రెక్సేట్, అజథయోప్రిన్, మైకోఫెనొలేట్, ఇంకా పైన రిటుక్సిమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడతారు. మొహమాటం లేకుండా చెప్తే వీటికి రుజువు అంత గట్టిగా లేదు, 2003లో వచ్చిన ట్రయల్లో మెథోట్రెక్సేట్ ఉత్తుత్తి బిళ్ల కంటే వినికిడిని ఏం నిలబెట్టలేకపోయింది. అయినా కోగన్, లూపస్ లాంటివి ఉంటే ఇవి తప్పవు, అప్పుడు కీళ్లవాతం డాక్టరు, అంటే రుమటాలజిస్ట్, చేతిలో ఉండాలి. ఒక్కటి మాత్రం పెద్దక్షరాల్లో రాసుకోండి: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. సోమవారమో మంగళవారమో, ఏ రోజు వేసుకోవాలో డబ్బా మీద పెన్నుతో రాసివ్వమని షాపులో అడగండి, చదువు రాని పెద్దవాళ్లు ఉంటే ఇంట్లో ఒకరు ఆ డబ్బా తమ దగ్గరే పెట్టుకోవాలి.

డబ్బు దండగ లిస్టు

బీటాహిస్టిన్ తల తిరుగుడుకి రాస్తారు, పోయిన వినికిడిని తేదు. పిరాసెటమ్, జింకో, పెంటాక్సిఫిలిన్, నరాల బలానికి ఎర్ర విటమిన్ ఇంజెక్షన్లు, పొక్కులు లేకుండానే వైరస్ మందులు, వీటి వల్ల సడెన్ చెవుడు బాగవుతుందని తేలలేదు. చీటీలో ఇవి ఐదు ఉండి స్టెరాయిడ్ లేకపోతే ఇంకో డాక్టర్ని అడగండి, ఆ రోజే.

ఆ తర్వాత

మందు అయ్యాక ఒక ఆడియో టెస్ట్, ఆరు నెలల్లోపు ఇంకోటి. ఏ మందూ లేకుండానే కొంత మందికి దానంతటదే తిరిగొస్తుంది, ఇది నిజమే, "మా బావకి నూనెతోనే తగ్గింది" అనే కథలన్నీ అక్కణ్ణుంచే పుడతాయి. వయసు ఎక్కువున్నా, మొదట్లోనే పూర్తిగా పోయినా, తల తిరుగుడు ఉన్నా తిరిగొచ్చే ఛాన్సు తక్కువ. మెనింజైటిస్ వచ్చి తగ్గిన పిల్లలకి మాత్రం డిశ్చార్జి కాగానే వినికిడి టెస్ట్ చేయించండి, కాక్లియా లోపల ఎముక పెరిగి పూడిపోవచ్చు, ఆలస్యమైతే ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపల పెట్టే వినికిడి పరికరం) కూడా పట్టదు.

ఒక చెవే మిగిలితే ఆ చెవిని కాపాడుకోవాలి: ఏ హాస్పిటల్‌కెళ్లినా "నాకు ఒక చెవే పనిచేస్తుంది, చెవికి పడని ఇంజెక్షన్ వద్దు" అని ఫైల్ మీద రాయించండి, రోడ్డు దాటేటప్పుడు పోయిన చెవి వైపు తల తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. వినికిడి మెషిన్ కొనేముందు ట్రయల్ అడగండి, పూర్తిగా పోయిన చెవికి మామూలు మెషిన్ పనిచేయదు, శబ్దాన్ని బాగున్న చెవికి పంపే క్రాస్ రకం ఉంటుంది. వికలాంగ సర్టిఫికెట్‌కి 2016 చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ పైన లాస్ అడుగుతుంది, ఒక్క చెవే పోయినవాళ్లకి అది రాదు కాబట్టి ఇప్పిస్తానని చెప్పే బ్రోకర్లకి డబ్బులివ్వకండి.